ముందు వరుస గదులను తీసివేస్తున్నాము: మా అతిథులకు వివరణ

ప్రియమైన అతిథులకు,

నమస్కారం. వచ్చే సీజన్ నుంచి మా బసలో సముద్రానికి ఆనుకొని ఉన్న ముందు వరుస ఆరు గదులు ఉండవు. వాటిని కూల్చి, వాటి ముందున్న రాతిగోడను కూడా తీసివేసి, ఆ స్థలాన్ని ఇసుకకు వదిలేస్తున్నాము. వెనక రోడ్డు వైపున నాలుగు గదులు మాత్రమే కొత్తగా కడుతున్నాము. కిటికీ తెరిస్తే సముద్రం కనబడాలని అడిగి మరీ ఆ ఆరు గదులే తీసుకునేవారు మీలో చాలామంది ఉన్నారు. మీకు ఈ మార్పు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. అందుకే, ఈ నిర్ణయానికి దారితీసిన నా తప్పుతో సహా జరిగినదంతా రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట ఒక తుపాను రాత్రి అలలు మా మెట్ల దాకా వచ్చాయి. నీళ్ళు తగ్గాక చూస్తే మెట్ల కింద ఇసుక కొట్టుకుపోయి పునాది బయటపడింది. ఆ భయంలో నేను ఎవరినీ సంప్రదించకుండా, లారీల కొద్దీ బండరాళ్ళు తెప్పించి గోడ కట్టించాను. గోడ కట్టిన మనిషి ఇక మీరు నిశ్చింతగా ఉండవచ్చు అన్నాడు. గదుల వరకు చూస్తే ఆయన మాట నిజమే, ఆ తరువాత ఒక్క గదిలోకి కూడా నీరు రాలేదు. కానీ గోడ ముందున్న ఇసుక తీరం ఏడాదికేడాది సన్నబడి, మూడేళ్ళ నుంచి పోటు సమయంలో అసలు కనబడడం మానేసింది. పాత అతిథులు "ఇక్కడ పిల్లలు ఆడుకునేవారు కదా, ఆ ఇసుక ఏమైంది?" అని అడిగినప్పుడు నేను సముద్రం మీదికి నెట్టేసి మాట దాటవేశాను. మిమ్మల్ని అలా తప్పుదోవ పట్టించినందుకు క్షమాపణ కోరుతున్నాను.

అల ఇసుక వాలు మీద పాకుతూ వచ్చినప్పుడు దాని బలం దారిలోనే అరిగిపోతుంది. అదే అల నిటారు రాతికి తగిలితే ఆ బలం వెనక్కూ కిందికీ మళ్ళి గోడ పాదం దగ్గరి ఇసుకను తవ్వేస్తుంది. కోతకు గురైన తీరం మామూలుగా తానూ కొంత వెనక్కి జరిగి తన వెడల్పును కాపాడుకుంటుంది, గోడ ఉన్నచోట జరగడానికి దానికి జాగా ఉండదు. గోడ చివర్లలో పరిస్థితి ఇంకా ఘోరం. మా గోడ ఉత్తరపు కొస దగ్గర నేల కొడవలి ఆకారంలో తెగిపోయింది. అక్కడ మత్స్యకారులు పడవలు ఒడ్డుకు లాగేవారు. ఇప్పుడు నిలువెత్తు ఇసుక కట్ట మాత్రం మిగిలింది, దాని అంచున ఒకప్పుడు పడవ కట్టిన గుంజ వేళ్ళు తేలిన చెట్టులా సగం గాలిలో వేలాడుతోంది. కిందటి ఏడాది ఒక పెద్దాయన నన్ను అక్కడికి తీసుకువెళ్ళి, "పడవ లాగడానికి చోటు లేదు బాబూ, మీ గోడ లేచిన ఏడే ఇది మొదలైంది" అని మాత్రం అన్నాడు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

ఆ తరువాతే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ఒడ్డున ఉన్న ఇసుక ఒకచోట నిలిచి ఉండదు, ఏటవాలుగా వచ్చే అలలు దానిని తీరం వెంబడి నడిపిస్తూనే ఉంటాయి. ఆ నడకకు ఎక్కడ అడ్డుకట్ట పడితే అక్కడ ఒక పక్క మేట వేస్తుంది, రెండో పక్క కోసుకుపోతుంది. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు ఓడరేవు కట్టిన తరువాత దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పైంది, ఉత్తరాన తీరం కోతకు గురైంది. నదుల మీది ఆనకట్టల వెనక ఇసుకా ఒండ్రూ నిలిచిపోయి తీరానికి చేరకపోవడం కోతకు మరో కారణం. అస్వాన్ ఆనకట్ట తరువాత నైలు డెల్టా అంచు తరగడానికి అదే ప్రధాన కారణం. వీటన్నిటి మీద సముద్రమట్టం కూడా పెరుగుతోంది: 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు పెరుగుదల సుమారు 20 సెంటీమీటర్లు, అందులోనూ ఇటీవలి దశాబ్దాలలో వేగం ఎక్కువైంది.

గోడ తీసేసి బయటినుంచి ఇసుక తెచ్చి పోస్తే సరిపోదా అని నేనూ ఆలోచించాను. నెదర్లాండ్స్ 2011లో తన తీరంలో ఒకేచోట సుమారు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను పోసి, దానిని గాలీ అలలూ నెమ్మదిగా పంచేలా వదిలింది. అది తీరాన్ని నిలుపుకోవాలని చట్టంలోనే రాసుకున్న దేశం చేయగల పని. నాలాంటివాడు పోయించే పది లారీల ఇసుక ఒక్క తుపానుకు మాయమవుతుంది, పైగా ఆ ఇసుకను ఎక్కడో మరొకరి తీరం నుంచి తవ్వాల్సి వస్తుంది. నాకు దారి చూపినవి వెనక్కి జరిగిన ఉదాహరణలే. అమెరికాలో 1870లో కట్టిన కేప్ హాటెరస్ దీపస్తంభం దగ్గరికి సముద్రం వచ్చేస్తే, 1999లో దానిని ఏకంగా సుమారు 880 మీటర్లు లోపలికి జరిపారు. ఇంగ్లండ్‌లోని మెడ్‌మెరీ దగ్గర 2013లో పాత కట్టకు గండికొట్టి, లోపల కొత్త కట్ట వేసుకుని, మధ్యనున్న నేలను ఆటుపోట్లకు వదిలారు. ఇప్పుడది నీటి పక్షులు తిరిగే ఉప్పునీటి పచ్చిక.

ప్రతిచోటా గోడలు కూల్చాలని నేను అనడం లేదు. లక్షలమంది ఉన్న నగరమో, ఓడరేవో ఒక్కరోజులో వెనక్కి జరగలేదు, అక్కడ గోడే దిక్కు కావచ్చు. కానీ ఆరు గదుల బస జరగగలదు. కట్టడాలు కట్టేటప్పుడు తీరం నుంచి విడవాల్సిన దూరాన్ని తగ్గించాలని మా వ్యాపారులమంతా కలిసి ఇచ్చిన అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. ఆ దూరం మా వ్యాపారం మీద కక్షతో పెట్టినది కాదని, సముద్రం కదలడానికి విడిచిన స్థలమని ఇప్పుడు అర్థమై, ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలియజేశాను.

ఈ నిర్ణయం అందరికీ నచ్చలేదు. మా గోడ తీస్తే తమ ప్రహరీ మీదికి అలలు వస్తాయని దక్షిణం పక్క బస యజమాని ఆందోళన పడుతున్నారు, ఆ ఆందోళన న్యాయమైనదే. అందుకే తీర ఇంజినీరు సలహా మీద, తగిన అనుమతులు తీసుకుని, రాళ్ళను ఒకేసారి కాకుండా ఉత్తరపు కొస నుంచి మూడు విడతలుగా తీయిస్తున్నాము. మత్స్యకారులలో కూడా కొందరు గోడ తీయడం కంటే సముద్రంలోకి రాళ్ళ కట్ట వేయిస్తే మేలంటున్నారు. అది ఇక్కడి కోతను పక్క ఊరికి పంపుతుందని నా అభిప్రాయం, ఆ చర్చ ఇంకా సాగుతోంది. ముందు వరుస గదులు చూసే ముగ్గురు పనివారికి వెనక గదులలో పని ఉంటుంది, ఎవరినీ తీసివేయడం లేదు.

ముందు వరుస గదులు ఇప్పటికే బుక్ చేసుకున్నవారు వెనక గది తీసుకోవచ్చు, లేదా చెల్లించిన మొత్తాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. గోడ తీసిన చోట ఇసుక దిబ్బ నిలవడానికి బాలబంద తీగ నాటుతున్నాము. దయచేసి దాని మీదుగా నడవకుండా, పక్కనే వేయించిన చెక్క దారిని వాడండి. సముద్రం వైపు దీపాలు రాత్రిపూట ఆర్పివేస్తాము, ఎందుకంటే గుడ్డు నుంచి బయటికి వచ్చిన తాబేలు పిల్లలు వెలుతురు చూసి దారి తప్పి ఒడ్డు మీదికే పాకుతాయి.

తొలి విడత రాళ్ళు కిందటి నెలలో తీశాము. తీసిన చోట మూడు కర్రలు పాతి, ప్రతి పౌర్ణమికీ ఇసుక ఎంత ఎత్తుకు వచ్చిందో గీత పెడుతున్నాము. మొదటి పౌర్ణమికి రెండు కర్రల దగ్గర ఇసుక కొంచెం పెరిగింది, మూడో కర్ర దగ్గర తగ్గింది. వానాకాలం వెళ్ళాక మూడు కర్రల లెక్కా మీకు రాస్తాను.