పటేలుకు ఉత్తరం: మూడున్నర రూపాల మిత్తి

హనుమకొండ,
ఆదివారం పొద్దుగాల

అరేయ్ పటేలా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలే. తప్పు నాదే, తిట్టుకో. బాపు మోకాలు జర నయం. మిద్దె మీద రేకులు ఏసినం. నువ్వు పంపిన ఖర్జూరం మీ చెల్లె ఒక్కతే తిన్నది. ఇగ అసలు సంగతి విను, నీకు చెప్పకుంటే నాకు అన్నం సయిస్తలేదు.

నా బిడ్డకు, అదే నీ మేనకోడలికి, జూన్‌ల పద్దెనిమిదేండ్లు నిండినయి గదా. సంపాదన లేని పిల్లకు సొంత క్రెడిట్ కార్డు ఎవరిస్తరు? అందుకే నా కార్డుకు తోకలెక్క ఇంకోటి, ఆడ్-ఆన్ అంటరు, తీసిచ్చిన. పదిహేను వేలు లిమిటు పెట్టిన. గంటసేపు క్లాసు గూడ పీకిన. ఏటీఎంల పెట్టి పైసలు తీయకు, ఆ రోజు నుంచే మిత్తి పడ్తది అన్న. ఓటీపీ దేవుడడిగినా చెప్పకన్న. బుద్ధిగ తలకాయ ఊపింది, ఇంగ్లీషు సారు క్లాసుల నువ్వు ఊపినట్టే. నాకప్పుడే అనుమానం రావాలె.

బతుకమ్మకు ఆరుగురు దోస్తులు ఒకే తీరు లంగావోణీలు అనుకున్నరు. మనిషికి 2,200. ఈమె "నా దగ్గర కార్డున్నది" అని 13,200 గీకింది. పద్మాక్షి గుట్ట కాడ ఆడి వచ్చినంక బిర్యానీకి ఇంకో 1,400. మిగతా ఐదుగురు ఎవల వాటా వాళ్లు ఫోన్‌ల కొట్టిండ్రు, ఒక్కతి గూడ ఎగ్గొట్టలే. (మన కాలంల అయితే? సగం చాయ్ యాదికున్నదా? ఇగ నేనేం అనను.)

మరి ఆ పైసలేవిరా? లేవు! ఇయర్‌ఫోన్లు, ఒక జత బూట్లు, ఇంకేవో. ఖాతాల పడ్డయి గాబట్టి తనయే అనుకున్నది. అవి బ్యాంకుకు పోవాల్సినయని తోయనే లేదు. కొన్ననాటి సంది ఒక్కోసారి యాభై రోజుల దాక మిత్తి లేకుంట నడుస్తది, ఆ సందులనే మనిషి ఆగమైతడు.

బిల్లు మాత్రం నా ఫోన్‌కే వచ్చింది. 14,600. పిలిచి అడిగితే, "డాడీ, కింద చూడు, 730 కడ్తే చాలట" అన్నది. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సింది! నూటికి ఐదు. నాకు చెవుల్ల నుంచి పొగలొచ్చినయి.

కరెంటు బిల్లు వెనక లెక్కేసి చూపిచ్చిన. నా కార్డుకు నెలకు నూటికి మూడున్నర రూపాల మిత్తి. ఊర్ల రెండు రూపాల మిత్తంటేనే నోరెల్లబెడ్తం. నెలకు 511, దాని మీద జీఎస్టీ 92, మొత్తం 603. అంటే ఇప్పుడు 730 కడ్తే, వచ్చే బిల్లుల దగ్గర దగ్గర 603 మళ్ల ఎక్కి కూసుంటది. తగ్గింది ఎంత? ఓ 127. పైగా పాత బాకీ ఉన్నంతసేపు కొత్తగ ఏది కొన్నా ఆ రోజు నుంచే మిత్తి. బాకీ నా పేరు మీద, చెడేది నా సిబిల్ స్కోరు, అదే, అప్పులు సక్కగ కడ్తున్నమా లేదా అని బ్యాంకులు చూసే మార్కులు.

పిల్ల కాసేపు మాట్లాడలే. "మరి ఇదంత పెద్దగ ఎందుకు రాయరు?" అన్నది. రాస్తరు బిడ్డా, చిన్నక్షరాలల. తర్వాత మెల్లగ, "నువ్వెప్పుడన్న మినిమమ్ కట్టినవా డాడీ?" అని అడిగింది.

2009 యాదికొచ్చిందిరా. నువ్వు, నేను, ఆ బండి... నోరు మూసుకొని చాయ్ తాగిన. నువ్వొచ్చినప్పుడు నువ్వే చెప్పు.

గడువుకు ముందే మొత్తం నేనే కట్టేసిన. నెలకు రెండు వేలు చొప్పున నాకు తీర్చాలె, మిత్తి లేదు. ఫ్రిజ్ మీద ఉద్దెర పుస్తకం పెట్టినం. మీ చెల్లె కత్తెర పట్టుకొని "కార్డు కోసేద్దాం" అని నిలబడ్డది. నేను కోయనియ్యలే, లిమిటు మూడు వేలకు దించిన. ఇంట్ల ఉన్నప్పుడే పద్నాలుగు వేల కాడ బొక్కబోర్ల పడ్డది, అది నయమే గదా? మీ చెల్లె ఒప్పుకుంటలేదు. రెండు రోజులు నాకు చప్పటి కూరనే.

మొన్న దోస్తులతోని మిర్చీలు తిన్నరట, 340. వాటాలు వచ్చిన రాత్రే కార్డుకు కట్టి, నాకు ఫొటో పంపింది. నేనైతే ఏం...

అగో, అత్తమ్మ బండి కాజీపేటల ఆగిందని ఫోన్. నేను ఇంకా లుంగీ మీదనే ఉన్న. మీవాడికి కార్డు ఇచ్చినవా లేదా, అది రాయి ముందు.

నీ
సగం చాయ్