పూరీ గురించి మీరన్నది నిజమే

2022 డిసెంబరులో మా మాదాపూర్ టిఫిన్ సెంటరుకొచ్చే మీలో ఇద్దరు ముగ్గురు అడిగారు: "అక్కా, పూరీ తింటే గొంతులో పట్టేస్తోంది, నూనె మార్చారా?" అని. మార్చలేదన్నాను. ఒక తమ్ముడితోనైతే గట్టిగానే వాదించాను. అప్పట్నుంచి అతను మా సెంటరు వైపే రావట్లేదు. తమ్ముడూ, తప్పు నాదే.

పోయిన వారం బాగా చలిపెట్టిన రోజు, తెల్లారి ఐదింటికి కొత్త టిన్ను కోసి బాణలిలోకి వంచితే నూనె ధార కట్టలేదు. అడుగున తెల్లగా, పేరిన నెయ్యిలా గడ్డ. సన్‌ఫ్లవర్ మన హైదరాబాద్ చలికి పేరదు, పామాయిల్ పేరుతుంది. ఇంట్లో వాడే ప్యాకెట్ నూనె గ్లాసులో పోసి రాత్రంతా బయట పెట్టి చూశాను. నీళ్లలా అలాగే ఉంది. టిన్ను మీద మాత్రం పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ!

తొమ్మిదేళ్లుగా మాకు నూనె వేస్తున్న మనిషి. ఫోన్ చేస్తే "యుద్ధం కదమ్మా, ఉక్రెయిన్ సరుకు ఎక్కడిది" అన్నాడు. ఆ సంగతి నాకు తెలియదా? మాది కాకినాడ. నూనె ఓడలూ, రిఫైనరీల ముందు ట్యాంకర్ల వరసలూ చూస్తూ పెరిగినదాన్ని. యుద్ధానికి ముందు మనకొచ్చే సన్‌ఫ్లవర్‌లో సగానికి పైగా ఉక్రెయిన్‌దే. 2022 ఫిబ్రవరి 24న అక్కడ యుద్ధం మొదలయ్యాక టిన్ను రేటు ఆగలేదు. ఏప్రిల్ 28న ఇండోనేషియా తన జనానికి నూనె చాలట్లేదని పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మే 23న మళ్లీ వదిలేదాకా మాదాపూర్ సందులో నాకు కంటి మీద కునుకు లేదు.

పూరీ ప్లేటు 40 నుంచి 50 చేసింది అప్పుడే. మీరు మారుమాట లేకుండా ఇచ్చారు. నన్ను కోస్తున్నది అదే. ఏడాది చివరికి పామాయిల్ బాగా దిగింది, సన్‌ఫ్లవర్ అంత దిగలేదు. ఆ తేడా డీలరు జేబులోకి పోయింది, మాట నాకు వచ్చింది. పామాయిల్‌ని తప్పుపట్టను. మా వీధిలో చాలామంది దానితోనే వండుతారు, కానీ చెప్పి వండుతారు.

"పామాయిల్‌కే మారదాం, బోర్డు మీద రాసి 40కే అమ్ముదాం" అన్నారు మా ఆయన. మూడు రాత్రులు అదే ఆలోచన. లెక్క ప్రకారం ఆయన మాటే రైటు. మీలో చాలామంది ఇప్పుడు మంగళ, బుధ, గురువారాలే ఆఫీసుకొస్తున్నారు. ఎన్ని రోజులు రావాలో అమెరికాలో మీ పైవాళ్లు చెబుతారు, సోమవారం ఇక్కడ నా పిండి పులిసిపోతుంది. ఇలాంటప్పుడు ఖరీదు నూనె పట్టుకుని కూర్చోవడం మొండితనమే. అయినా మారను. ఓడలూ, మీ ఆఫీసు రోజులూ ఎలాగూ నా చేతిలో లేవు. బాణలిలో ఏం పోయాలో కూడా ఇంకొకళ్లే తేలిస్తే నేనెందుకు ఇక్కడ?

సంక్రాంతికి ఊరెళ్లి 17 మంగళవారం తెరుస్తాం. ఇక నుంచి ప్యాకెట్లే, మీ ఎదుటే కత్తిరించి పోస్తాను. పూరీ, బజ్జీ మంగళ, బుధ, గురువారాలే వేస్తాం. కాగిన నూనె మిగుల్చుకుని మర్నాడు వాడే పని పెట్టుకోను. నెలాఖరుదాకా పూరీ ప్లేటు 40. దోసె, ఇడ్లీ ఎప్పటిలాగే.

మిగిలిన మూడు టిన్నులు వెనక్కి పంపేశాను. డబ్బులింకా రాలేదు.

ఆ తమ్ముడి పేరు నాకు తెలియదు. పొడుగ్గా ఉంటాడు, అల్లం చట్నీ రెండుసార్లు వేయించుకుంటాడు. మీలో ఎవరికైనా కనబడితే అక్క రమ్మందని చెప్పండి.