బోర్డు నిండిపోతే స్టాండప్ ఏం చేస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగాల పేజీల్లో ఎజైల్ (సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలుగా తయారుచేసే పద్ధతి) గురించి వచ్చే సలహాలు సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతున్నాయి. అమీర్‌పేటలో కోర్సు చేసి మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో టీములో చేరిన కుర్రాళ్లకు మొదటి స్ప్రింట్‌లోనే (పనికి పెట్టుకునే నిర్ణీత విడతలోనే) తగిలే చిక్కు వాటిలో కనిపించదు. రెండు వారాల స్ప్రింట్‌లో ఎనిమిదో రోజు దాకా టెస్టింగ్‌కు ఏమీ రాదు. తొమ్మిదో రోజు సాయంత్రం అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. సగం కార్డులు (ఒక్కో పనికి ఒకటి చొప్పున టీము బోర్డు మీద పెట్టే చీటీలు) తర్వాతి స్ప్రింట్‌కు జారిపోతాయి, నిందేమో టెస్టర్లకు.

మనవాళ్ల ఆరంభశూరత్వమని సరిపెట్టుకోవచ్చు గానీ, అందరిచేతా ఒకేసారి పని మొదలుపెట్టించేది ప్లానింగే. ఆరుగురు డెవలపర్లకు తలా రెండు స్టోరీలు (వాడేవారి అవసరం రూపంలో రాసిన పనులు) పంచేస్తారు. ఎవరి పని వారికే సరిపోతుంది కాబట్టి పక్కవాళ్ల కోడ్ చూడటానికి తీరిక దొరకదు. పుల్ రిక్వెస్ట్ (రాసిన కోడ్‌ను చూసి కలపమనే అభ్యర్థన) రెండు మూడు రోజులు అలాగే పడి ఉంటుంది. రాసినవారు ఊరికే కూర్చోలేక ఇంకో కార్డు తెరుస్తారు. రివ్యూ వ్యాఖ్యలు వచ్చేసరికి తాము రాసిందే మళ్లీ చదువుకోవాలి. ఈలోగా మెయిన్ బ్రాంచ్ (అందరి కోడ్ చేరే మూలప్రతి) మారిపోయి మెర్జ్ దగ్గర, అంటే కోడ్‌ను అందులో కలిపేటప్పుడు, పేచీలు మొదలవుతాయి.

దీనికి లెక్క ఉంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన క్యూ సూత్రం ప్రకారం, నడుస్తున్న పనుల సంఖ్యను వారానికి ముగిసే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి సగటున ఎన్ని వారాలు పడుతుందో తెలుస్తుంది. 18 కార్డులు తెరిచి ఉండి వారానికి 6 ముగుస్తుంటే, ఒక్కోదానికి మూడు వారాలు. రెండు వారాల స్ప్రింట్‌లో అది ఎలా ఇముడుతుంది? అదే వేగంతో 9 మాత్రమే తెరిచి ఉంచితే వారంన్నర. కొత్తగా తెరిచేవీ ముగిసేవీ దాదాపు సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది.

అందుకే బోర్డు మీద ప్రతి నిలువు వరుసకూ పరిమితి పెట్టాలి. ఆరుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు ఉంటే డెవలప్‌మెంట్‌కు 4, రివ్యూకు 2, టెస్టింగ్‌కు 3తో మొదలుపెట్టవచ్చు. ఆరుగురికి నాలుగే కాబట్టి కొందరు జంటగా రాస్తారు, కొందరు రివ్యూ చేస్తారు. ఇలాంటి బోర్డులు నడిపే సాఫ్ట్‌వేర్ జిరాలో గరిష్ఠ సంఖ్య పెట్టుకోవచ్చు. దాటితే వరుస ఎర్రబడుతుందే తప్ప కార్డు ఆగదు. ఆపాల్సింది మనుషులే. రివ్యూ నిండితే, చేతిలో పని ముగిసినవారు కొత్త కార్డు తీయకుండా రివ్యూకు కూర్చోవాలి. మొదటి రెండు వారాలు ఇది ఇబ్బందిగానే ఉంటుంది. ఫలానావాళ్లు ఖాళీగా కనిపిస్తున్నారని మేనేజరు 4ను 8 చేశారంటే, పరిమితి ఉన్నా లేనట్టే. క్లయింటు 'అర్జెంట్' అన్నవాటికి ఒక్క చోటు విడిగా ఉంచండి, ఒకటి ముగిశాకే రెండోది.

ఇక స్టాండప్, అంటే టీము రోజూ జరుపుకునే చిన్న సమావేశం. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమిటి అన్న మూడు ప్రశ్నలను, ఎజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌ను రూపొందించిన ష్వాబర్, సదర్లాండ్‌లు దాని నియమావళి అయిన స్క్రమ్ గైడ్ 2020 కూర్పులో తీసేశారు. మన టీముల్లో అవే ఇంకా హాజరు పిలిచినట్టు సాగుతున్నాయి. బోర్డు కుడి చివరి నుంచి, అంటే ముగింపుకు దగ్గరున్న కార్డు నుంచి మొదలుపెట్టి, 'ఇది ఇవాళ ముగియాలంటే ఎవరు ఏం చేయాలి?' అని అడిగితే పదిహేను నిమిషాలు చాలు. అమెరికా క్లయింటు లైన్లో ఉంటే ఎవరూ అసలు చిక్కు చెప్పరు. వాళ్లకు సమాచారం రాసి పంపడమే మేలు.

మూడు రోజులు దాటేలా కనిపించే స్టోరీని చీల్చాలి. డేటాబేస్ ఒకటి, స్క్రీన్ ఒకటి అని అడ్డంగా కోస్తే రెండూ ముగిసేదాకా టెస్టర్‌కు పని దొరకదు. కరెంటు బిల్లు చెల్లింపే తీసుకోండి: ముందు యూపీఐ ఒక్కటే, అది పనిచేశాక బ్యాంకు కార్డు, ఆ తర్వాత ఖాతాలో డబ్బు పోయి బిల్లు జమకాని సందర్భం. ఒక్కో ముక్కనూ రెండో మూడో రోజునే పరీక్షించవచ్చు.

స్టోరీ పాయింట్ల (పని ఎంత పెద్దదో అంచనా వేసే అంకెల) మాట స్క్రమ్ గైడ్‌లో లేనే లేదు. పాయింట్లు చూసి టీములను పోల్చడం మొదలుపెడితే, నిన్నటి 5 రేపటికి 8 అవుతుంది. పని మాత్రం అంతే. వాటికి బదులు ప్రతి కార్డు మీద మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాసి పెట్టుకోవాలి. గత 20 కార్డుల్లో 17 తొమ్మిది రోజుల్లోపు ముగిశాయనుకోండి. తర్వాతి కార్డు ఎప్పటికి అవుతుందని క్లయింటు అడిగితే, 'మొదలుపెట్టాక తొమ్మిది రోజులు, నూటికి 85 పాళ్లు' అని చెప్పవచ్చు.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ టీములకు శిక్షణ ఇచ్చే ఒక పాఠకుడు,
హైదరాబాద్