నీలం ఈ, రంగుల చక్రం

రేయ్ శీనా,

మొన్న మీటింగ్ ఉందని ఫోన్ మధ్యలో పెట్టేశావు, నేనేమో అసలు విషయానికే రాలేదు. అందుకే ఈ ఉత్తరం. బెంగళూరు ట్రాఫిక్‌లో ఎటూ కదలవు కదా, అప్పుడు చదువుకో.

మా నాయనకు కొత్త ఫోన్ కొనిచ్చాను. యాడ్ల గోల తగ్గుతుందని అందులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి, క్రోమ్ గుర్తు కనపడకుండా తీసేశాను. సాయంత్రానికల్లా మనిషి అంగడికే వచ్చేశాడు, "ఏమిరా, ఫోన్లో ఇంటర్నెట్టు తీసేసినావా?" అని. నక్క బొమ్మ చూపించి ఇదీ అదే నాయనా అంటే నమ్మడే! శెనక్కాయల రేటు ఆ రంగుల చక్రంలోనే వస్తాదంట. మళ్లీ పెట్టించుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

అప్పుడు గుర్తొచ్చిందిరా, సప్తగిరి సర్కిల్ దగ్గర మన నెట్ సెంటర్. వచ్చినోళ్లంతా "నీలం ఈ యాడుంది?" అనే కదా అడిగేది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గుర్తు అదేగా. నువ్వేమో ఫైర్‌ఫాక్స్ పిచ్చితో ఏడు కంప్యూటర్లలోనూ అది వేసి, ఎవరూ తాకకపోతే దానికే నీలం ఈ బొమ్మ తగిలించావు. ఒక్కరూ కనిపెట్టలేదు, ఆ అప్లికేషన్ పిల్ల వచ్చేదాకా. ఆఖరి రోజు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, మూడు పేజీలు నింపి సబ్మిట్ కొడితే తెల్ల పేజీ. ఆ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప పనిచేయదని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి పెట్టారు. ఆ పిల్ల ఏడుపు ఒక పక్క, నువ్వు గమ్మున పోయి టీ తెచ్చింది ఒక పక్క, మళ్లీ మొదటి నుంచి టైప్ చేసింది మాత్రం నేను.

ఆ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో, 7 వచ్చింది 2006లో. మధ్యలో ఐదేళ్లు మైక్రోసాఫ్ట్ ఎందుకు కదలలేదంటే, కదలాల్సిన పని లేదు. నెట్‌స్కేప్ అనే కంపెనీ డబ్బులకు అమ్ముకుంటున్న బ్రౌజర్ లాంటిదాన్నే వీళ్లు విండోస్‌తో పాటు ఊరికే ఇచ్చేసి, ఆ కంపెనీని మూలన కూర్చోబెట్టేశారు. 1998 మేలో అమెరికా ప్రభుత్వం కేసు వేసింది, 2000లో జడ్జి జాక్సన్ మైక్రోసాఫ్ట్‌ను రెండు ముక్కలు చేయమన్నాడు, మరుసటి ఏడాది పై కోర్టు దాన్ని కొట్టేసింది, తర్వాత రాజీ అయిపోయింది. అప్పటికి నెట్‌స్కేప్ ఏఓఎల్ అనే ఇంకో ఇంటర్నెట్ కంపెనీ చేతికి పోయింది.

2008 సెప్టెంబర్‌లో క్రోమ్ వచ్చినప్పుడు మనిద్దరం ఎంత సంబరపడ్డామో. నిజం చెప్పాలంటే మంచి బండిరా అది, అందుకే ఎక్కాం. నాకు నవ్వొచ్చేది ఇంకోటి: 2009లో యూరప్‌లో మైక్రోసాఫ్ట్ మీద ఎక్స్‌ప్లోరర్ గొడవ నడుస్తుంటే గూగుల్ కూడా పోయి ఆ కేసులో చేరింది, ఇట్ల అంటగట్టడం అన్యాయమని. 2018లో అదే యూరప్, ఫోన్లలో సెర్చ్, క్రోమ్ అంటగడుతున్నారని గూగుల్‌కే 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022 అక్టోబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ కూడా 1,337.76 కోట్ల రూపాయలు వేసింది. కోడలు అత్తయింది, అంతే.

అన్నిటికన్నా నన్ను కుదిపింది అమెరికాలో గూగుల్ మీద వేసిన కేసులో బయటపడిన లెక్క. సెర్చ్ డబ్బా దగ్గర ముందుగా తనే ఉండడానికి గూగుల్ 2021 ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు పంచింది, 2022లో ఆపిల్ ఒక్కదానికే 2,000 కోట్ల డాలర్లు. బస్టాండు గేటు ముందర అంగడికి గుడ్‌విల్ ఎందుకంత ఇస్తారో నీకు నేను చెప్పాల్నా? మా నాయన లాంటోళ్లు గేటు దాటి లోపలికి రారని వాళ్లకు తెలుసు. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా ఇది గుత్తాధిపత్యమే అని తేల్చాడు. క్రోమ్‌ను అమ్మించాలని ప్రభుత్వం అడిగితే 2025 సెప్టెంబర్‌లో వద్దన్నాడు. గూగుల్‌ను తప్ప ఇంకెవరినీ పెట్టుకోవద్దనే ఒప్పందాలు మాత్రం కుదరవన్నాడు, డబ్బులు ఇచ్చుకోవచ్చట. నాకైతే ఇది సగం వంట అనిపించింది. నువ్వేమంటావో రాయి.

ఇంకో తమాషా, డబ్బులు పూర్తిగా ఆపేసుంటే ముందు కూలేది మన నక్కే! ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లాకు ఎక్కువ ఆదాయం గూగుల్ నుంచే. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇప్పటి బ్రౌజర్ ఎడ్జ్ చూస్తే 2020 నుంచి గూగుల్ వాళ్ల క్రోమియం ఇంజిన్ మీదే నడుస్తోంది. అంటే ఏ గుర్తు నొక్కినా బాట గూగుల్ వైపే పోతోంది.

సరే, అమ్మ ఉగ్గాని బజ్జి చేసింది, పిలుస్తోంది. నువ్వు పండక్కి వచ్చేలోపు ఒక పని చెయ్యి. మా నాయన ఫోన్లో ఫైర్‌ఫాక్స్‌కు ఆ రంగుల చక్రం బొమ్మ తగిలించే దారి ఏమన్నా ఉందేమో చూసిపెట్టు, నీకు అలవాటే కదా.

నీ,
రమణ