డబ్బు ఒక్కటే కాదురా

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్లో "బ్లాక్‌చైన్ అంటే ఆ బిట్‌కాయిన్ జూదమేగా" అని తీసిపారేశావు. అప్పుడు బస్సులో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

బ్లాక్‌చైన్ అంటే చాలా కంప్యూటర్లలో నకళ్లు ఉండే ఉమ్మడి ఖాతా పుస్తకం. బిట్‌కాయిన్ పుస్తకంలో ప్రధానంగా ఎవరి నుంచి ఎవరికి ఎంత వెళ్లిందో రాసిపెడతారు. 2013 చివర్లో విటాలిక్ బ్యుటెరిన్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు, అలాంటి పుస్తకంలో లెక్కలతో పాటు ప్రోగ్రాములూ పెడితే పోలా అనుకున్నాడు. అలా పుట్టిందే ఇథీరియం. 2015 జూలై 30న మొదలైంది. బ్లాక్‌చైన్లలో రెండో తరం అనేది దీన్నే. రాసిన షరతుల ప్రకారం నడిచే ఆ ప్రోగ్రాములే స్మార్ట్ కాంట్రాక్టులు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి చెప్తా. 2017లో ఫ్రాన్స్ బీమా కంపెనీ ఆక్సా 'ఫిజీ' అనే పాలసీ తెచ్చింది. విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే పరిహారం ఇచ్చేవాళ్లు. ఆ షరతు ఇథీరియం మీద రాసి ఉండేది. విమానం దిగిన టైము అందగానే పరిహారం వస్తుందో రాదో ప్రోగ్రామే తేల్చేసేది. క్లెయిమ్ ఫారం నింపే పని, ఎవర్నో బతిమాలే పని ఉండేది కాదు. నాన్న ఆస్పత్రి బిల్లుల కోసం మనిద్దరం ఎన్ని జిరాక్సులు తీయించామో గుర్తుందిగా? ఫిజీని 2019లో ఆపేశారు గానీ, ఆ పద్ధతి బతకాలనే నా కోరిక.

భయమూ ఉంది. 2016లో 'ద డావో' అని, అందరూ డబ్బు వేసి ఓట్లతో పెట్టుబడులు నిర్ణయించే నిధి ఒకటి ఇథీరియం మీద వచ్చింది. అందులో డబ్బు వెనక్కి అడిగితే ముందు ఇచ్చేసి, ఆ తర్వాత ఖాతాలో తగ్గించేలా కోడ్ రాశారు. ఆ సందులో ఎవరో మళ్లీ మళ్లీ అడుగుతూ దాదాపు 36 లక్షల ఈథర్లు, అంటే ఇథీరియం నాణేలు, లాగేశారు. చివరికి ఎక్కువమంది ఒప్పుకుని, సొమ్ము సొంతదారులకు తిరిగొచ్చేలా ఆ పుస్తకాన్నే మార్చారు. ఒప్పుకోని వాళ్లు పాతదాన్ని ఇథీరియం క్లాసిక్‌గా నడుపుతున్నారు.

ఇక నీ పొలం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో భూమి రికార్డులకూ బ్లాక్‌చైన్ వాడి చూడాలని 2017లోనే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఒకసారి ఎక్కిన వివరాన్ని రాత్రికి రాత్రి గుట్టుగా మార్చడం కుదరదు, అది గొప్ప మేలు. కానీ మీ విస్తీర్ణం అడంగల్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉందన్నావు. ఏది నిజమో బ్లాక్‌చైన్‌కి తెలియదురా. తప్పు అంకె ఎక్కిస్తే అదే భద్రంగా దాస్తుంది. ముందు సర్వేయర్ వచ్చి గొలుసు పట్టి కొలవాల్సిందే. ఆయన ఎప్పుడొస్తానన్నాడో రాయి, నేనూ వస్తాను.

నీ
రాము