జిల్లా పేజీ జర చెవులకు కూడా ఎక్కాలె

ఎడిటర్ సారూ, మా నల్లగొండ దిక్కు పొద్దుగాల పేపర్ చదివేటోళ్లు తగ్గిన్రు, ఫోన్ల పాడ్‌కాస్టులు ఇనేటోళ్లు పెరిగిన్రు, అయినా జిల్లా పేజీ నిండ ఇంకా సన్మానాలు, బర్త్‌డే ఫొటోలే. మొన్న దేవరకొండ బస్సుల నా పక్క సీటాయన బత్తాయి ధరల మీద ఎవరో రైతు పెట్టిన ఆడియో అరగంట ఇన్నడు, చేతుల ఉన్న పేపర్‌తోని ఇసురుకుంటనే. నాకు గూడ గదే మంచిగనిపించింది, మన యాసల ఉండె మరి. కాకపోతే అండ్ల చెప్పిన రేటు తప్పు, ఆ పొద్దే నేను మార్కెట్ల కాయ అమ్మొచ్చిన, దాన్ని సరిచూసే సబ్ ఎడిటర్ అక్కడ ఎవరున్నరు? 1922లనే నీలగిరి పత్రిక తెచ్చిన ఊరు మాది. మీ మండల విలేకరులతోనే రోజూ పది నిమిషాల ఆడియో వార్తలు మన మాటల్నే చెప్పియ్యుండ్రి, తప్పొస్తే తెల్లారే సవరణ ఇయ్యుండ్రి, వాళ్లకు అచ్చయిన వార్త పొడుగును బట్టి పైసలిచ్చే లైన్ అకౌంట్ బదులు నెల జీతం కట్టుండ్రి.

- ఒక బత్తాయి రైతు, నల్లగొండ