జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ: కళ్లతో పాటు మతిమరుపునూ పరీక్షించండి

గౌరవనీయులైన జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారి గారికి నమస్కారం.

రెండు అర్జీలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందూ రాస్తున్నాను.

2018లో కంటి వెలుగు శిబిరంలో మా అమ్మ అక్షరాలన్నీ తప్పు లేకుండా చదివింది. అద్దాలిచ్చారు. వారం తిరక్కముందే వాటిని బియ్యం డబ్బాలో పెట్టి మరిచిపోయింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. చాదస్తం అనుకున్నాం. డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని మతిమరుపు ముదిరే జబ్బు, అని తేలేసరికి నాలుగేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు నన్నే చూసి "ఎవరబ్బాయివి బాబూ?" అంటుంది.

కంటి వెనకున్న రెటీనా మెదడులో భాగంగా ఏర్పడేదే. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ ఉన్నవారిలో రెటీనా నరాల పొర పలచబడటాన్ని పరిశోధకులు, కంటి లోపలి పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లలో గమనించారు. కంటి నరం దెబ్బతినే గ్లకోమా వల్ల, షుగర్ వల్ల కూడా ఆ పొర పలచబడుతుంది కాబట్టి ఒక్క స్కాన్‌తోనే జబ్బును తేల్చలేరని నాకు తెలుసు. అద్భుతాలేమీ అడగడం లేదు.

60 దాటినవారిని కంటి పరీక్ష దగ్గరే జ్ఞాపకశక్తి ప్రశ్నలు కూడా అడిగించండి. జిల్లా ఆసుపత్రిలో వారానికో రోజైనా మెమరీ క్లినిక్ నడపండి. షుగర్ ఉన్నవారికి తీసే రెటీనా ఫొటోలను, వారు ఒప్పుకుంటే, పరిశోధనకు అందించండి. నెలలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఆ తల్లి కొడుకు